విక్రయక్షేత్ర ప్రణాళిక – పటలేఖన సాఫ్ట్‌వేర్: బొల్లాపల్లి మండలం నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఒక ప్రాంతాన్ని విక్రయ ప్రతినిధుల మధ్య పంచే పనిని నేడు పటలేఖన సాఫ్ట్‌వేర్ సహాయంతో చేస్తున్నారు. ఈ విభజన పైకి గణితసమస్యగా కనిపించినా, దాని ఫలితం ఊరి పేరు, ఎల్ల, దారి, ఆవాసం అనే స్థానిక భావనలను ఎంత సరిగా గ్రహించారన్నదానిపై ఆధారపడి ఉంటుంది. పల్నాడు జిల్లా బొల్లాపల్లి మండలాన్ని ఉదాహరణగా తీసుకుని విక్రయక్షేత్ర ప్రణాళికలోని దశలను వివరించడం, స్థలనామ పరిజ్ఞానం ఆ ప్రణాళికకు ఏ విధంగా అవసరమో నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: విక్రయక్షేత్రం, పటలేఖనం, స్థలనామం, పొలిమేర, పనిభారం, తండా, బొల్లాపల్లి, పల్నాడు.

1. ఉపోద్ఘాతం:
ఎరువులు, విత్తనాలు, మందులు, నిత్యావసర సరుకులు తయారుచేసే సంస్థలు తమ మార్కెట్టును భాగాలుగా చేసి, ఒక్కొక్క భాగాన్ని ఒక్కొక్క ప్రతినిధికి అప్పగిస్తాయి. ఆ భాగమే విక్రయక్షేత్రం. వ్యవహారంలో దీనిని ‘టెర్రిటరీ’ అనీ, ‘ఏరియా’ అనీ అంటారు. ఒక రోజులో తిరగవలసిన దుకాణాల వరుసను ‘బీట్’ లేదా ‘లైన్’ అంటారు. క్షేత్రం ఎంత పెద్దది, అందులో ఎన్ని దుకాణాలున్నాయి, ఒకదాని నుంచి మరొకదానికి ఎంతసేపు పడుతుంది అన్నవి ప్రతినిధి రాబడిని నిర్ణయిస్తాయి. ఏ ఊరు ఎవరి క్షేత్రంలోకీ రాకుండా మిగిలిపోతుందో ఆ ఊరి రైతుకు సరుకు అదనుకు అందదు. కాబట్టి పటం మీద గీసే గీత కేవలం పాలనాపరమైన సౌకర్యం కాదు. దాని వెనుక ఒకరి జీతభత్యాలు, మరొకరి పంట ఉన్నాయి.

ఈ వ్యాసానికి బొల్లాపల్లి మండలాన్ని ఎంచుకోవడానికి కారణాలున్నాయి. అది పల్నాడు జిల్లాలో నల్లమల కొండల అంచున ఉన్న మెట్టప్రాంతం. వినుకొండ శాసనసభ నియోజకవర్గంలో భాగం. మండలంలో పెద్ద గ్రామాలతోపాటు లంబాడీ తండాలు ఉన్నాయి. సమీపంలోని పెద్ద వ్యాపారకేంద్రం వినుకొండ. రైలు మార్గం, జాతీయ రహదారి వినుకొండ మీదుగా వెళతాయి. సమతల డెల్టా ప్రాంతంలో చక్కగా పనిచేసే ప్రణాళిక ఇక్కడ ఎందుకు తడబడుతుందో గమనిస్తే, ఆ ప్రణాళిక లోపలి నిర్మాణం స్పష్టంగా బోధపడుతుంది.

2. ఎల్ల – పొలిమేర – క్షేత్రం:
భూమిని పంచుకునే భావనకు తెలుగులో సమృద్ధమైన పదజాలం ఉంది. ఎల్ల, మేర, పొలిమేర, హద్దు, సరిహద్దు అనే మాటలు గీతను సూచిస్తాయి. నాడు, సీమ, పరగణా, తాలూకా, మండలం అనేవి ఆ గీత లోపలి నేలను సూచిస్తాయి. ‘పల్నాడు’ అనే పేరులోనే నాడు ఉంది. పన్నెండో శతాబ్దికి చెందిన పల్నాటి వీరగాథలోని కలహానికి మూలం కూడా రాజ్యవిభజనే. గురజాల నలగామరాజుకు, మాచర్ల మలిదేవాదులకు చెందిన తరువాత ఆ పంపకం కారెంపూడి యుద్ధందాకా సాగింది. విభజన అంటే విస్తీర్ణాన్ని సగం చేయడం కాదని, ఇరుపక్షాలూ అది న్యాయమని అంగీకరించడమని ఈ ప్రాంతపు జ్ఞాపకం చెబుతూనే ఉంది.

అయితే ఒకే పేరు వేర్వేరు కాలాల్లో వేర్వేరు నేలను సూచించవచ్చు. పూర్వపు గుంటూరు జిల్లాలో పల్నాడు ఒక తాలూకా. దానికి గురజాల కేంద్రం. వినుకొండ, నరసరావుపేట వేరే తాలూకాలు. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు ఏర్పడ్డాయి. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. నరసరావుపేట, సత్తెనపల్లి, గురజాల రెవెన్యూ డివిజన్లతో, 28 మండలాలతో ఏర్పడిన ఈ జిల్లా పాత పల్నాటి తాలూకా కంటే ఎంతో విశాలమైనది. ఒక సంస్థ పాత దస్త్రంలో ‘పల్నాడు’ అని ఉన్నచోట మాచర్ల, గురజాల ప్రాంతం ఉద్దేశింపబడి ఉండవచ్చు. కొత్త పటంలో అదే మాటకు బొల్లాపల్లి కూడా చేరుతుంది. రెండింటినీ ఒకే పేరుతో పోల్చి, గత ఏడాది కంటే అమ్మకాలు పెరిగాయనో తగ్గాయనో నిర్ణయిస్తే ఆ నిర్ణయం తప్పుతుంది. అందువల్ల ప్రణాళికలో ప్రతి ప్రాంతనామం పక్కన ఏ సంవత్సరపు ఎల్లలు అన్నది నమోదుచేయడం మొదటి నియమం.

3. క్షేత్రవిభజన శాస్త్రం – సంక్షిప్త చరిత్ర:
కంప్యూటరుతో ప్రాంతాలను విభజించే ఆలోచన వ్యాపారంలోకి రాజకీయాల నుంచి వచ్చింది. సిడ్నీ హెస్, ఆయన సహచరులు 1965లో ఎన్నికల నియోజకవర్గాలను పక్షపాతరహితంగా విభజించే గణితపద్ధతిని ప్రచురించారు. జనాభా సమానంగా ఉండాలి, ప్రతి నియోజకవర్గం చెల్లాచెదురుగా కాక ముద్దగా ఉండాలి అన్నవి అందులోని ప్రధాన షరతులు. హెస్, స్టువర్ట్ శామ్యూల్స్ ఇదే పద్ధతిని విక్రయక్షేత్రాలకు అన్వయించి 1971లో ‘జియోలైన్’ అనే నమూనాను వివరించారు. 1983లో ఆండ్రిస్ జోల్ట్నర్స్, ప్రభాకాంత్ సిన్హా మరొక ముఖ్యమైన అంశాన్ని చేర్చారు. రెండు ప్రదేశాలు పటంలో పక్కపక్కన ఉండటం చాలదు, వాటి మధ్య ప్రయాణించే దారి ఉండాలి అన్నది వారి నమూనాలో కీలకం. కొండలు, వాగులు, అడవి ఉన్న బొల్లాపల్లి వంటి చోట ఈ మూడవ షరతే నిర్ణాయకమవుతుంది.

ఈ పనికి యంత్రసహాయం ఎందుకు కావాలో ఒక చిన్న లెక్క తెలుపుతుంది. 20 గ్రామాలను ముగ్గురు ప్రతినిధులకు పంచాలంటే, ఏ షరతూ లేకపోతే 3ను 20 సార్లు హెచ్చవేసినన్ని విధాలుంటాయి. ఆ సంఖ్య 348 కోట్లకు పైబడుతుంది. షరతులు పెట్టేకొద్దీ పనికివచ్చే విధాల సంఖ్య తగ్గుతుంది. సాఫ్ట్‌వేర్ చేసేది ఆ షరతులకు లోబడి మెరుగైన పంపకాన్ని వెతకడమే. షరతులను మాత్రం మనిషే చెప్పాలి.

4. ఆధారపటం – మూలఘటకం:
ప్రణాళికలో మొదటి నిర్ణయం మూలఘటకాన్ని ఎంచుకోవడం. క్షేత్రాలను కట్టడానికి వాడే అతిచిన్న ఇటుక ఏది? సాధారణంగా పిన్‌కోడ్, మండలం, రెవెన్యూ గ్రామం అనే మూడింటిలో ఒకదానిని ఎన్నుకుంటారు.

పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న అమలులోకి వచ్చింది. దాని ఆరు అంకెల్లో మొదటిది ప్రాంతాన్ని, మొదటి మూడు కలిసి ఉత్తరాలు వేరుచేసే జిల్లాను సూచిస్తాయి. అది ఉత్తరాల బట్వాడా కోసం ఏర్పడిన విభజన. రెవెన్యూ ఎల్లలతో దానికి పొంతన ఉండనవసరం లేదు. పట్టణంలో చిరునామాలను సమకూర్చడానికి అది అనువైనదే. గ్రామప్రాంతంలో ఒకే పిన్‌కోడ్ కింద దూరదూరపు ఊళ్లు చేరతాయి కాబట్టి ఇటుకగా అది మరీ పెద్దది. మండలం అంతకంటే పెద్దది. బొల్లాపల్లిని మొత్తంగా ఒక ఘటకం అనుకుంటే దాని లోపలి తేడాలన్నీ మరుగున పడతాయి. కాబట్టి రెవెన్యూ గ్రామం తగిన ఘటకం.

సాఫ్ట్‌వేర్‌లో సమాచారం పొరలుగా ఉంటుంది. గ్రామాల ఎల్లలు ఒక పొర, రహదారులు మరొక పొర, దుకాణాలు బిందువులుగా ఇంకొక పొర. స్వేచ్ఛగా లభించే క్యూజీఐఎస్ వంటి సాఫ్ట్‌వేర్‌లోనూ, వాణిజ్యపరంగా అమ్మే సాఫ్ట్‌వేర్‌లోనూ ఈ నిర్మాణం ఒకటే. ఇక్కడ రెండు సాంకేతిక జాగ్రత్తలు అవసరం. మొదటిది, అక్షాంశ రేఖాంశాలు డిగ్రీల్లో ఉంటాయి. డిగ్రీలతో దూరం, విస్తీర్ణం లెక్కించకూడదు. పల్నాడు ప్రాంతం 79, 80 డిగ్రీల తూర్పు రేఖాంశాల పరిధిలో ఉంది కాబట్టి యూటీఎం పద్ధతిలోని 44వ ఉత్తర జోన్‌కు పటాన్ని మార్చుకుంటే కొలతలు మీటర్లలో వస్తాయి. రెండవది, గ్రామపు ఎల్ల నుంచి సాఫ్ట్‌వేర్ లెక్కించే ‘కేంద్రబిందువు’ ఊరు కాదు. కొండలు, అడవి ఒకవైపు విస్తరించిన గ్రామంలో ఆ బిందువు జనం లేని గుట్ట మీద పడవచ్చు. బిందువు ఎల్ల లోపలే ఉండేటట్లు చేసే సదుపాయం ఉన్నా, అది జనావాసం మీదనే ఉంటుందన్న హామీ లేదు. పొలిమేర వేరు, ఊరు వేరు అన్న సంగతి తెలుగువాడికి చెప్పనక్కరలేదు. యంత్రానికి మాత్రం చెప్పాలి. ఉపగ్రహచిత్రం చూసి బిందువును ఊరిమీదకు జరపడం చేతితో చేయవలసిన పని.

5. ఊరి పేరు – గుర్తింపు:
దుకాణాల జాబితాను పటంతో కలపడం తరువాతి దశ. జాబితాలో ఊరి పేరు, పటంలో ఊరి పేరు ఒక్కటైతేనే రెండూ కలుస్తాయి. స్థలనామ అధ్యయనం నేరుగా అక్కరకు వచ్చేది ఇక్కడే.

‘బొల్లాపల్లి’ అన్న పేరునే పరిశీలించవచ్చు. తెలుగులో పల్లి, పల్లె అనే రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి. రోమన్ లిపిలో ఈ ఊరి పేరు చివర ‘ఐ’ అక్షరం రాసేవారున్నారు, ‘ఈ’ అక్షరం రాసేవారున్నారు, ‘వై’ అక్షరం రాసేవారున్నారు. మనిషికి ఇవి ఒకే ఊరు. యంత్రానికి మూడు ఊళ్లు. ‘పాడు’, ‘పాలెం’, ‘చెర్ల’ వంటి ఉత్తరపదాలలో కూడా దీర్ఘం, ద్విత్వం, చివరి ఉకారం రోమన్ లిపిలో స్థిరంగా ఉండవు. గుమ్మనంపాడు, రేమిడిచర్ల వంటి పేర్లను ఇద్దరు గుమాస్తాలు రెండు విధాలుగా రాయడం సహజం. ఫలితంగా కొన్ని దుకాణాలు ఏ ఊరికీ చెందనివిగా మిగిలి, అమ్మకాల లెక్కలోంచి జారిపోతాయి.

దీనికి విరుద్ధమైన సమస్య ఒకే పేరు గల ఊళ్లు. బొల్లాపల్లి మండలంలో వెల్లటూరు ఉంది. భట్టిప్రోలు మండలంలోనూ వెల్లటూరు ఉంది. మొదటిది మెట్ట, రెండవది కృష్ణా డెల్టా. 2022కు ముందు ఈ రెండూ గుంటూరు జిల్లాలోనివే. కాబట్టి పాత జాబితాలో ‘వెల్లటూరు, గుంటూరు జిల్లా’ అన్న చిరునామా ఏ ఊరిని సూచిస్తుందో యంత్రం నిర్ణయించలేదు. అది ఏదో ఒకదానిని ఎంచుకుంటుంది, హెచ్చరిక కూడా చేయకపోవచ్చు. పొరపాటున డెల్టా దుకాణం మెట్టకు చేరితే, అక్కడి వరి మందుల అమ్మకాలు ఇక్కడి గిరాకీగా కనిపిస్తాయి.

పరిష్కారం పేరును విడిచిపెట్టడం కాదు, పేరుకు సంఖ్యను జోడించడం. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ నిర్వహించే స్థానిక ప్రభుత్వ డైరెక్టరీ ప్రతి జిల్లాకు, ఉపజిల్లాకు, గ్రామానికి ప్రత్యేక సంఖ్యను కేటాయించింది. జాబితాలను కలపడానికి ఆ సంఖ్యను వాడాలి. చదవడానికి తెలుగు లిపిలోని పేరును ఉంచాలి. రోమన్ రూపాంతరాలన్నింటినీ ఆ సంఖ్యకు అనుబంధంగా ఒక పట్టికలో చేర్చాలి. ఈ పట్టికను తయారుచేయడానికి కావలసింది గణితజ్ఞానం కాదు, తెలుగు ఉచ్చారణ, సంధి, ఉత్తరపదాల పరిజ్ఞానం. 19వ శతాబ్ది ఆరంభంలో కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫియత్తులలో ఊరి చరిత్రతోపాటు ఎల్లల వివరాలు తెలుగులోనే నమోదయ్యాయి. స్థానికుడి నోట ఊరి పేరును విని రాసే ఆ సంప్రదాయానికి నేటి సమాచారనిధిలోనూ స్థానం ఉంది.

6. దూరం – ప్రయాణకాలం – పనిభారం:
క్షేత్రాలను దేనితో సమానం చేయాలి అన్నది ప్రణాళికలోని ప్రధాన ప్రశ్న. దుకాణాల సంఖ్యతోనా, అమ్మకాల విలువతోనా, పనిభారంతోనా? మూడింటి ఫలితాలు మూడు విధాలుగా ఉంటాయి. ఒక ఊహాత్మక ఉదాహరణతో దీనిని వివరించవచ్చు.

ఇద్దరు ప్రతినిధులు ఉన్నారనుకుందాం. ఇద్దరికీ 60 దుకాణాలే. వాటిలో 10 పెద్దవి, నెలకు నాలుగుసార్లు వెళ్లాలి. 20 మధ్యరకం, రెండుసార్లు వెళ్లాలి. 30 చిన్నవి, ఒకసారి వెళ్లాలి. మొత్తం సందర్శనలు 40, 40, 30 కలిపి 110. ఒక్కొక్క సందర్శనకు 40 నిమిషాలు అనుకుంటే 4,400 నిమిషాలు. మొదటి ప్రతినిధికి దుకాణం నుంచి దుకాణానికి సగటున 25 నిమిషాల ప్రయాణం. రెండవవానికి 50 నిమిషాలు. మొదటివాని నెలసరి పని 7,150 నిమిషాలు, అంటే 119 గంటల 10 నిమిషాలు. రెండవవాని పని 9,900 నిమిషాలు, అంటే 165 గంటలు. నెలకు 22 రోజులు, రోజుకు 7 గంటల చొప్పున లభ్యమయ్యే కాలం 154 గంటలు మాత్రమే. దుకాణాల లెక్కలో ఇద్దరూ సమానులే. కాలం లెక్కలో మొదటివానికి తీరిక మిగులుతుంది, రెండవవాడు ఎంత శ్రమించినా 11 గంటల పని మిగిలిపోతుంది. ఆ మిగిలిపోయే పని సాధారణంగా దూరపు చిన్న ఊళ్లదే అవుతుంది. నెలాఖరున అతని అమ్మకాలు తక్కువగా కనిపిస్తే, అది అసమర్థత కాదు, పటంలోని లోపం.

అందువల్ల రెండు ఊళ్ల మధ్య సరళరేఖ దూరాన్ని కాక, రహదారి మీది ప్రయాణకాలాన్ని లెక్కించాలి. కొండకు ఇటు అటు ఉన్న రెండు ఊళ్లు పటంలో ఆనుకుని ఉన్నట్లే ఉంటాయి. దారి మాత్రం చుట్టూ తిరిగి వెళుతుంది. ఒక కేంద్రం నుంచి అరగంటలో, గంటలో చేరగల ప్రాంతాన్ని గీసి చూపే సమకాలరేఖలు ఈ వాస్తవాన్ని వెంటనే తెలుపుతాయి. వినుకొండ చుట్టూ అటువంటి రేఖలను గీస్తే అవి గుండ్రంగా కాక, రహదారుల వెంట సాగి, కొండలవైపు కుంచించుకుపోతాయి.

ఋతువు కూడా లెక్కలోకి రావాలి. సాగర్ కుడికాలువ నీరు అందే పొలానికి, వర్షం మీద, బోరు మీద ఆధారపడే మెట్టపొలానికి పంటల కాలం, పెట్టుబడి, గిరాకీ వేరు. పత్తి, మిరప పైర్ల అదనులో నెలకు నాలుగు సందర్శనలు అవసరమైన దుకాణానికి వేసవిలో ఒకటి చాలు. ఏడాదికి ఒకే సగటు తీసుకుంటే అదనులో లోటు, తక్కిన కాలంలో వృథా కలుగుతాయి. పాత అమ్మకాల సంఖ్యలనూ యథాతథంగా నమ్మరాదు. బండ్లమోటులో ఒకప్పుడు హిందూస్థాన్ జింక్ సంస్థ సీసపు గనిని నడిపింది. ఆ గని మూతపడింది. గని నడిచిన కాలపు కొనుగోళ్లను నేటి గిరాకీకి ఆధారంగా తీసుకోవడం కుదరదు.

7. విభజన – సవరణ:
సమాచారం సిద్ధమైన తరువాత సాఫ్ట్‌వేర్‌కు నాలుగు విషయాలు తెలపాలి: ఎన్ని క్షేత్రాలు కావాలి, ప్రతినిధులు ఎక్కడ నివసిస్తారు, పనిభారంలో ఎంత తేడాను అనుమతించవచ్చు, ఏ ఊళ్లను విడదీయకూడదు. యంత్రం మొదట కేంద్రాలను స్థిరంగా ఉంచి గ్రామాలను వాటికి పంచుతుంది. తరువాత ఆ గ్రామసముదాయాలకు కొత్త కేంద్రాలను లెక్కిస్తుంది. మార్పు ఆగేదాకా ఈ రెండు పనులను మార్చిమార్చి చేస్తుంది. వచ్చిన ఫలితం ముసాయిదా మాత్రమే.

ముసాయిదాను సవరించేటప్పుడు సంతలు, అప్పు సంబంధాలు, రైతుల రాకపోకలు పరిశీలించాలి. బొల్లాపల్లి మండలంలోని ఒక ఊరి చిల్లర వ్యాపారి వినుకొండ టోకు వ్యాపారి దగ్గర సరుకు తెచ్చుకుంటూ ఉంటే, పటంలో దగ్గరగా ఉందని ఆ ఊరిని కారెంపూడి వైపు చేర్చడం వల్ల ప్రయోజనం లేదు. అలాగే మండల సరిహద్దును దాటి పుల్లలచెరువు, త్రిపురాంతకం వైపు సాగే రాకపోకలను జిల్లా గీత ఆపలేదు. పాలనా ఎల్ల వ్యాపారపు ఎల్ల కానక్కరలేదు. మందుల ప్రతినిధుల వృత్తిలో ఒక ఊరిని ‘హెడ్‌క్వార్టర్’, ‘ఎక్స్‌స్టేషన్’, ‘అవుట్‌స్టేషన్’ అని వర్గీకరించడం మీద దినభత్యం ఆధారపడి ఉంటుంది. గీతను మార్చినప్పుడు ఈ వర్గీకరణ కూడా మారుతుంది. కాబట్టి ముసాయిదాను ప్రతినిధులకు చూపి, వారి అభ్యంతరాలను విని, ఆ తరువాతనే అమలుచేయడం న్యాయం.

8. పటంలో కనిపించని ఆవాసాలు:
రెవెన్యూ గ్రామం తగిన ఘటకమని పైన పేర్కొన్నా, దానికీ ఒక పరిమితి ఉంది. ఒక రెవెన్యూ గ్రామంలో ప్రధాన గ్రామంతోపాటు శివారు పల్లెలు, పాలేలు, తండాలు ఉండవచ్చు. గ్రామానికి ఒకే బిందువు పెడితే, ఆ బిందువు ప్రధాన గ్రామం మీద ఉంటుంది. తండా ఆ బిందువులో కలిసిపోతుంది. ప్రతినిధి ప్రధాన గ్రామంలోని దుకాణానికి వెళ్లివస్తే సాఫ్ట్‌వేర్ ఆ గ్రామమంతటినీ ‘పూర్తయింది’ అని చూపుతుంది. తండా రైతు మాత్రం విత్తనానికి మళ్లీ బండి కట్టుకునో, ఆటో ఎక్కో వినుకొండ వెళ్లవలసిందే. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం వల్ల అనేక తండాలు స్వతంత్ర గ్రామపంచాయతీలయ్యాయి. అంతకుముందు తయారైన పటాలలో వాటికి విడి ఉనికి లేదు. పటంలో ఊరు లేకపోవడం ఆ ఊరు లేకపోవడం కాదని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

కాబట్టి మెట్ట, కొండప్రాంతాల్లో గ్రామాల పొరకు అదనంగా ఆవాసాల పొరను నిర్మించడం తప్పనిసరి. ప్రతి తండాకు విడి బిందువు, స్థానికులు పిలిచే పేరు, చేరే దారి, వానాకాలంలో ఆ దారి పరిస్థితి నమోదుచేయాలి. ఇది ఆఫీసులో కూర్చుని పూర్తిచేయగల పని కాదు.

9. ముగింపు:
- విక్రయక్షేత్ర ప్రణాళికలో సాఫ్ట్‌వేర్ విభజనను వేగవంతం చేస్తుంది. దేనిని సమానం చేయాలన్న నిర్ణయం మనిషిదే.
- ప్రాంతనామాలకు కాలసూచన అవసరం. పాత పల్నాటి తాలూకా, 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లా ఒకటి కావు.
- పల్లి–పల్లె వంటి రూపాంతరాలు, వెల్లటూరు వంటి సమాననామాలు లెక్కలను తారుమారు చేయగలవు. ప్రత్యేకసంఖ్య, తెలుగు రూపం, రోమన్ రూపాంతరాలు మూడింటినీ కలిపి నమోదుచేయడం దీనికి పరిష్కారం.
- దుకాణాల సంఖ్య కంటే ప్రయాణకాలంతో కూడిన పనిభారం న్యాయమైన కొలమానం.
- ఆవాసాల పొర లేని ప్రణాళిక తండాలను, శివారు పల్లెలను లెక్కలో చూపుతూనే సేవలో విడిచిపెడుతుంది.
- తెలుగు విశ్వవిద్యాలయ శాఖల్లో జరుగుతున్న స్థలనామ పరిశోధనలను మండలాలవారీ నామరూప పట్టికలుగా అందించగలిగితే, అవి వ్యాపారానికే కాక వైద్యం, విపత్తు సహాయం, రేషను పంపిణీ వంటి సేవలకూ ఉపయోగపడతాయి. బొల్లాపల్లి వంటి అంచు మండలాలతో ఈ పనిని ప్రారంభించడం సముచితం.